ఆ దరువు ఎవరిది? జాజ్ నుంచి హిప్‌హాప్ దాకా నల్లజాతి కళాకారుల కథ

ఈ పోస్టు కాస్త పెద్దది, సెలవు పూట తీరిగ్గా చదవండి.

మన హాస్టళ్లలో ఇప్పుడు ర్యాప్ వినని గది లేదు. ఫ్రెషర్స్ డే అయినా, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం అయినా, డోలు, తుడుం ఆగగానే ఎవరో ఒక తమ్ముడు మైకు అందుకుంటాడు. మేమూ ఎగిరాం, కాదనం. కానీ పోయిన ఏడాది ఒక సంగతి జరిగింది. మాలో ఒకరి అమ్మమ్మ నాట్లప్పుడు పాడే పాటని ఎవరో వచ్చి ఫోన్‌లో రికార్డు చేసుకుని వెళ్లారు. కొన్ని నెలలకి అదే పాట, అదే గొంతు, కింద డీజే బీటు కలిపి ఒక ఛానెల్‌లో వచ్చింది. పాట రాసింది ఫలానా, సంగీతం ఫలానా అని పేర్లున్నాయి. అమ్మమ్మ పేరు లేదు. "ఫోక్" అని మాత్రం ఉంది. షేర్ ఆటోలో ఆ పాట వినిపిస్తే, "ఇది నా గొంతే కదే" అని ఆమె నవ్విందట. మాకు నవ్వు రాలేదు.

ఆ కోపంతోనే చదవడం మొదలుపెట్టాం. తమ పాట ఇంకొకరి చేతిలో పడితే ఏమవుతుందో చూసినవాళ్లు, ఆ పాటతోనే లోకాన్ని ఆడించినవాళ్లు ఎవరున్నారు అని వెతికితే అమెరికా నల్లజాతి కళాకారుల దగ్గర ఆగాం. వాళ్ల చరిత్ర అంతా ఒక పోస్టులో పట్టదు. కొందరి గురించే రాస్తున్నాం.

మొదలు డోలుతోనే. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. డ్రమ్ములు కొట్టుకుంటూ నడిచారు, దారిలో ఇంకా మంది వచ్చి కలిశారు. తిరుగుబాటును అణిచేశాక 1740లో అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. బానిసల దగ్గర ఆయుధాలతో పాటు డ్రమ్ములు, కొమ్ములు కూడా ఉండకూడదు. డోలు చప్పుడు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మాట మోస్తుందని దొరలకి అర్థమైంది. ఇది మనోళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

న్యూ ఆర్లీన్స్ నగరంలో మాత్రం ఒక సందు మిగిలింది. అక్కడ ఆదివారం బానిసలకి పని ఉండేది కాదు. 1817లో నగర పాలకులు "కూడితే ఒక్క చోటే కూడాలి" అని హద్దు పెట్టారు. ఆ చోటే కాంగో స్క్వేర్. 1819లో లాట్రోబ్ అనే ఇంజినీరు అటుగా వెళ్తూ ఆ చప్పుడు విని ఆగాడు. ఐదారు వందల మంది గుండ్రంగా గుంపులు కట్టి ఆడుతున్నారని తన డైరీలో రాసుకున్నాడు, వాయిద్యాల బొమ్మలు కూడా గీశాడు. అందులో ఒకటి ఎండిన బుర్రకి తీగలు కట్టిన వాయిద్యం. ఆ బొమ్మ చూస్తే మన కిన్నెర సొరబుర్రలు గుర్తొచ్చాయి. ఆయనకి ఆ సంగీతం నచ్చలేదు, ఆ మాట కూడా రాసుకున్నాడు. నచ్చకుండా రాసిన ఆ కాగితమే ఈరోజు మనకి ఆధారం! ఆడినవాళ్లు రాసుకోవడానికి వాళ్లకి చదువు చెప్పనివ్వలేదు కదా.

అదే నగరంలో 1901 ఆగస్టు 4న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పుట్టాడు. ఆయన బతికున్నంత కాలం తన పుట్టినరోజు 1900 జూలై 4 అనే చెప్పుకున్నాడు. ఆయన పోయాక చాలా ఏళ్లకి చర్చి రిజిస్టరులో అసలు తేదీ దొరికింది. స్కూల్లో చేర్చేటప్పుడు సారు వేసిన తేదీతోనే బతుకుతున్న మనలో చాలామందికి ఇది కొత్త కాదు.

పేదరికం గురించి ఎక్కువ రాయం, ఊహించగలరు. 1912 చివరి రోజు రాత్రి, కొత్త సంవత్సరం సంబరంలో పిల్లాడు పిస్తోలు గాల్లోకి పేల్చాడు. పోలీసులు పట్టుకెళ్లి నల్లజాతి పిల్లల వసతి గృహంలో వేశారు. జైలు లాంటి హాస్టలు. అక్కడ ఒక బ్యాండు ఉండేది. పీటర్ డేవిస్ అనే మాస్టారు మొదట ఇతన్ని నమ్మలేదు, తర్వాత చేతిలో కార్నెట్ పెట్టాడు. 1922లో షికాగో నుంచి గురువు కింగ్ ఆలివర్ కబురు పంపితే రైలెక్కాడు. ఆ రోజుల్లో దక్షిణాది నుంచి లక్షల మంది నల్లజాతివాళ్లు పత్తి చేలను, ఉరితాళ్లను వదిలి ఉత్తరాది నగరాలకి అలాగే రైలెక్కారు. జాజ్ కూడా వాళ్ల మూటల్లోనే వెళ్లింది.

1923లో ఆలివర్ బ్యాండు మొదటి రికార్డింగు ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో, జెన్నెట్ అనే కంపెనీలో జరిగింది. మైకులు లేవు. పెద్ద కొమ్ము ముందు అందరూ నిలబడి వాయించాలి. లూయీ ఊపిరి మిగతావాళ్లను మింగేస్తుంటే ఆయన్ని గది మూలకి పంపించారని ఆ బ్యాండులో పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత చెప్పింది. ఇంకో సంగతి తెలుసా? అదే కంపెనీ డబ్బులిస్తే కూ క్లక్స్ క్లాన్ వాళ్లకి కూడా రికార్డులు అచ్చేసి ఇచ్చేది. నల్లవాళ్ల పాట, నల్లవాళ్లని చంపాలనేవాళ్ల పాట ఒకే యంత్రం మీద.

లిల్ హార్డిన్ గురించి తెలుగులో మాకు పెద్దగా ఏమీ కనిపించలేదు, అందుకే ఇక్కడ ఆగుతున్నాం. చదువుకున్న అమ్మాయి, పియానో విద్వాంసురాలు, పాటలు కట్టేది. 1924లో లూయీని పెళ్లి చేసుకుంది. "ఆలివర్ నీడలో ఉంటే నువ్వు ఎప్పటికీ రెండోవాడివే" అని పోరు పెట్టి ఆయన్ని బయటికి తీసుకొచ్చింది ఆమే. 1925 నుంచి హాట్ ఫైవ్ పేరుతో వచ్చిన రికార్డులు జాజ్ దారినే మార్చాయి. అంతకు ముందు అందరూ కలిసి వాయించేదే ఎక్కువ, వీటి తర్వాత ఒక్క మనిషి ముందుకొచ్చి తన కథ చెప్పుకోవడం జాజ్‌కి గుండె అయింది. ఆ ఐదుగురిలో పియానో లిల్‌దే. తర్వాత విడిపోయారు. తను కట్టిన పాట మీద తన పేరు కోసం ఆమె కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 1971 జూలైలో లూయీ పోయాడు. ఆగస్టు 27న షికాగోలో ఆయన సంస్మరణ సభలో పియానో వాయిస్తూ వేదిక మీదే కుప్పకూలి ఆమె కూడా పోయింది.

లూయీని కొందరు నల్లజాతి యువకులే తిట్టారు. తెల్లవాళ్ల ముందు ఎప్పుడూ పళ్లు ఇకిలిస్తాడు అని. మేమూ మొదట అలాగే అనుకున్నాం. కానీ 1957 సెప్టెంబర్ చూడండి. లిటిల్ రాక్ అనే ఊళ్లో తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ల హైస్కూల్లో చేరబోతే గవర్నరు సైనికులను గేటు దగ్గర పెట్టాడు. ఆ సమయంలో లూయీ గ్రాండ్ ఫోర్క్స్ అనే ఊళ్లో కచేరీకి వచ్చి ఉన్నాడు. చిన్న పత్రిక కుర్ర విలేఖరి హోటలు గదికి వెళ్లి అడిగితే, గవర్నరునే కాదు దేశాధ్యక్షుడు ఐజెన్‌హోవర్‌ని కూడా కడిగేశాడు. ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్ పర్యటనకి వెళ్లనని చెప్పేశాడు. విలేఖరి రాసింది చూపిస్తే, మార్చొద్దు అని కింద సంతకం పెట్టాడు. మేనేజరు భయపడి సర్దిచెప్పబోతే వినలేదు. కొన్ని రోజులకి అధ్యక్షుడు సైన్యాన్ని పంపి ఆ పిల్లలని బడిలోకి పంపించాడు. లూయీ మాట వల్లే అని మేము అనం. కానీ ఆ రోజు ఆయన పోగొట్టుకోగలిగింది చాలా ఉంది, అయినా అన్నాడు.

బిల్లీ హాలిడే గురించి రెండు ముక్కలు. చెట్లకి వేలాడే నల్లజాతి శవాల గురించిన "స్ట్రేంజ్ ఫ్రూట్" పాట 1939లో పాడింది. తన కంపెనీ కొలంబియా దాన్ని రికార్డు చేయనంటే కమడోర్ అనే చిన్న కంపెనీకి వెళ్లి పాడింది. 1947లో మత్తుమందు కేసులో జైలుకి పంపారు, బయటికి వచ్చాక న్యూయార్క్ క్లబ్బుల్లో పాడే లైసెన్సు ఇవ్వలేదు. 1959లో ఆసుపత్రి మంచం మీద ఉండగానే మళ్లీ అరెస్టు చేశారు, అక్కడే 44 ఏళ్లకి పోయింది. బ్యాంకు ఖాతాలో 70 సెంట్లు ఉన్నాయి. డాలర్లు కాదు, సెంట్లు.

ఇక సోల్. చర్చిలో దేవుడికి పాడే గొంతుతో మనిషి ప్రేమను, కోపాన్ని పాడితే అది సోల్. ఇందులో మాకు బాగా నచ్చిన మనిషి అరీతా ఫ్రాంక్లిన్. 1942లో మెంఫిస్‌లో పుట్టింది, డెట్రాయిట్‌లో పెరిగింది. తండ్రి పేరున్న పాస్టరు. 1960లో కొలంబియా కంపెనీలో చేరి ఆరేళ్లు పాడినా ఆమె గొంతుకి సరిపడే పాట వాళ్లు ఇవ్వలేకపోయారు. అట్లాంటిక్ కంపెనీకి మారాక 1967లో అంతా తిరిగిపోయింది. ఆ ఏడాది ఫిబ్రవరి 14న "రెస్పెక్ట్" రికార్డు చేసింది.

ఆ పాట నిజానికి ఓటిస్ రెడ్డింగ్‌ది. 1965లో ఆయన రాసి పాడాడు. పనిచేసి అలసి ఇంటికి వచ్చే మగాడు మర్యాద అడుక్కునే పాట అది. అరీతా దాన్ని తిరగేసింది. ఆడమనిషి నిలబడి మర్యాద నిలదీసి అడుగుతుంది. ఆ మాటని అక్షరం అక్షరం విడదీసి చెప్పే భాగం ఓటిస్ పాటలో లేదు, అరీతా చేర్చిందే. వెనక కోరస్ పాడింది ఆమె అక్కాచెల్లెళ్లు ఎర్మా, కరోలిన్. ఆ వేసవిలో ఓటిస్ కూడా ఒక వేదిక మీద, ఈ పాటని ఒక అమ్మాయి నా దగ్గర్నుంచి లాక్కుపోయింది అని నవ్వుతూ చెప్పాడు.

ఇప్పుడు అసలు విషయం. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే, రాసినవాళ్లకీ పబ్లిషర్‌కీ డబ్బు వెళ్తుంది. పాడినవాళ్లకి, వాయించినవాళ్లకి రాదు. ఇప్పటికీ అంతే. అంటే "రెస్పెక్ట్" రేడియోలో ఎన్ని వేలసార్లు మోగినా అరీతాకి ఆ లెక్కలో ఒక్క సెంటు లేదు. పాట పేరు మర్యాద, చూడండి!

అందుకేనేమో అరీతా తన పద్ధతి తాను పెట్టుకుంది. కచేరీకి ముందే పారితోషికం నగదుగా చేతికి రావాలి. వచ్చిన డబ్బు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఆ బ్యాగు పట్టుకునే స్టేజి ఎక్కేది. పాడుతున్నంతసేపు అది కంటికి కనిపించేలా పియానో మీదో పక్కనో ఉండేది. జనం దాన్ని వింత అలవాటుగా చెప్పుకుంటారు. మాకు వింతగా అనిపించలేదు. తునికాకు లెక్కల్లో, చింతపండు తూకంలో మోసపోయిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, డబ్బు ముందు చూపించమని అడగడం ఎందుకో మాకు తెలుసు. 1970లో ఏంజెలా డేవిస్‌ని జైల్లో పెడితే బెయిలు డబ్బు నేను కడతానని ముందుకొచ్చింది కూడా ఈ అరీతానే.

ఓటిస్ పాడింది మెంఫిస్‌లోని స్టాక్స్ కంపెనీకి. పాత సినిమా హాలుని స్టూడియో చేసుకున్నారు, నేల వాలు కూడా తీయలేదు. ఆ వాలు వల్లే వాళ్ల రికార్డులకి ఆ శబ్దం వచ్చిందంటారు. కంపెనీ పెట్టింది జిమ్ స్టీవర్ట్, ఎస్టెల్ ఆక్స్‌టన్ అనే తెల్లజాతి తమ్ముడూ అక్కా. వాళ్ల బ్యాండు బుకర్ టీ అండ్ ది ఎంజీస్‌లో ఇద్దరు నల్లవాళ్లు, ఇద్దరు తెల్లవాళ్లు. నగరంలో కలిసి ఒక హోటల్లో తినలేని రోజుల్లో వీళ్లు కలిసి దరువు వేశారు. కలిసి కూర్చుని పాటలు కట్టుకోవడానికి వెళ్లేది లొరైన్ మోటల్‌కి. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చింది ఆ మోటల్ బాల్కనీలోనే.

1967 డిసెంబర్ 10న ఓటిస్ ఎక్కిన చిన్న విమానం విస్కాన్సిన్‌లో సరస్సులో పడింది. ఆయనకి 26 ఏళ్లు. బార్-కేస్ అనే కుర్రాళ్ల బ్యాండు కూడా దాదాపు మొత్తం పోయింది. ఆ దుఃఖం ఇంకా ఆరకముందే ఇంకో దెబ్బ. స్టాక్స్ రికార్డులని దేశమంతా అమ్మిపెట్టేది అట్లాంటిక్ కంపెనీ. మొదట్లో చేతులు కలిపి చేసుకున్న ఒప్పందం, 1965లో కాగితం మీదకి వచ్చింది. జిమ్ స్టీవర్ట్ దాన్ని సరిగా చదవకుండానే సంతకం పెట్టాడు. అట్లాంటిక్‌ని పెద్ద కంపెనీ కొన్నాక కాగితాలు తీసి చూస్తే, అమ్మిపెట్టిన రికార్డుల మాస్టర్ టేపులన్నీ అట్లాంటిక్ సొత్తే అని అందులో రాసి ఉంది. ఓటిస్ గొంతు కూడా. పాడినవాడు పోయాడు, పాట కూడా పోయింది. సంతకం పెట్టేముందు చదవాలి అని మన పెద్దలకి పట్టా కాగితాల దగ్గర ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు, ఇక్కడ చదువుకున్న బ్యాంకు ఉద్యోగే పప్పులో కాలేశాడు (స్టీవర్ట్ అప్పటిదాకా చేసింది బ్యాంకు ఉద్యోగం మరి).

అయినా స్టాక్స్ వెంటనే చావలేదు. అల్ బెల్ అనే నల్లజాతి మేనేజరు 1969లో ఒక్కసారిగా 27 ఆల్బమ్‌లు దింపాడు. అందులో ఐజాక్ హేస్ ఆల్బమ్ దుమ్ము లేపింది. 1972 ఆగస్టు 20న లాస్ ఏంజెలిస్ స్టేడియంలో వాట్‌స్టాక్స్ అనే జాతర లాంటి కచేరీ పెట్టారు. టికెట్ ఒక డాలరు, పేదవాళ్లు కూడా రావాలని. లక్ష మందికి పైగా వచ్చారు. 1975 చివర్లో అప్పులవాళ్లు కోర్టుకెక్కి కంపెనీని దివాలా తీయించారు. 1989లో ఆ సినిమా హాలుని పడగొట్టేశారు. 2003లో అదే స్థలంలో అలాంటి భవనమే కట్టి మ్యూజియం తెరిచారు, పక్కనే పిల్లలకి సంగీతం బడి పెట్టారు.

ఇదంతా చూసి ముందే జాగ్రత్తపడినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1952లోనే జాజ్ కళాకారులు చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ సొంతంగా డెబ్యూ అనే కంపెనీ పెట్టుకున్నారు. రే చార్లెస్ 1959లో కంపెనీ మారేటప్పుడు తన మాస్టర్ టేపులు తనకే రావాలని రాయించుకున్నాడు. శామ్ కుక్ తన పాటలకి తనే పబ్లిషరయ్యాడు, సొంత లేబుల్ పెట్టి వేరే నల్లజాతి గాయకులకి దారి ఇచ్చాడు. కొందరికైనా కుదిరింది.

ఇక మన తమ్ముళ్లు ఎదురుచూస్తున్న హిప్‌హాప్. 1973 ఆగస్టు 11, న్యూయార్క్‌లో బ్రాంక్స్, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కోసం తమ అపార్ట్‌మెంట్ కింద హాల్లో పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50. రికార్డులు వేసేది ఆమె అన్న క్లైవ్, జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం. డీజే కూల్ హెర్క్ అంటారు ఆయన్ని. పాటలో గొంతులు ఆగి డ్రమ్ము ఒక్కటే మోగే చోట జనం ఎక్కువ ఎగురుతున్నారని గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకటి అయిపోగానే రెండోది వేస్తూ ఆ కొన్ని సెకన్ల దరువుని ఎంతసేపైనా సాగదీశాడు. హిప్‌హాప్ అక్కడే పుట్టింది. ఊరి మధ్యలోంచి హైవే వేసి ఇళ్లు కూల్చేసిన పేటలో, వాయిద్యాలు కొనలేని పిల్లలు పాత రికార్డునే వాయిద్యం చేసుకున్నారు.

1979లో "రాపర్స్ డిలైట్" దేశమంతా మోగింది. అందులో ఒకరు పాడిన మాటలు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే కుర్రాడి నోటుబుక్కులోవి. ఎంత నిర్లక్ష్యమంటే, కాజ్ తన పేరుని అక్షరాలు విడదీసి చెప్పుకున్న చోటుని కూడా మార్చకుండా అలాగే పాడేశారు. కాజ్‌కి పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. ఆ కంపెనీ నడిపింది నల్లజాతి మహిళే. దోచుకునేవాళ్లు ఎప్పుడూ బయటివాళ్లే ఉంటారని అనుకోవద్దు. మా అమ్మమ్మ పాట తీసుకుపోయింది కూడా మన ఏజెన్సీ మనిషే.

ఇప్పుడు ఇద్దరు డ్రమ్మర్ల దగ్గరికి వద్దాం. మొదటాయన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ల చప్పుడు వింటూ పెరిగాడు. 1969 నవంబర్‌లో జేమ్స్ బ్రౌన్ బ్యాండులో "ఫంకీ డ్రమ్మర్" వాయించాడు. ఆ పాటలో కొన్ని సెకన్లు ఆయన ఒక్కడి దరువే ఉంటుంది. ఆ ముక్కని కోసి వెయ్యికి పైగా పాటల్లో వాడారు, పబ్లిక్ ఎనిమీ "ఫైట్ ది పవర్"తో సహా. పాట రాసినట్టు పేరు జేమ్స్ బ్రౌన్‌ది. 1991లో అమెరికా కోర్టు, శాంపిల్ వాడాలంటే అనుమతి తీసుకోవాల్సిందే అని గట్టిగా తీర్పిచ్చింది. మంచిదే. కానీ ఆ డబ్బు పాట హక్కుదారుకీ, రికార్డు హక్కుదారుకీ వెళ్తుంది. ఆ రెండింటిలో డ్రమ్మరు లేడు. క్లైడ్ 2017లో పోయాడు.

రెండో ఆయన గ్రెగరీ కోల్‌మన్. విన్‌స్టన్స్ అనే బ్యాండు. 1969లో వాళ్ల రికార్డుకి వెనక వైపు నింపడానికి "ఆమెన్, బ్రదర్" అనే పాట వేశారు. అందులో ఆరేడు సెకన్లు కోల్‌మన్ ఒక్కడే వాయిస్తాడు. ఆ ఆరేడు సెకన్ల మీద అమెరికాలో హిప్‌హాప్ పాటలు, ఇంగ్లండులో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీతాలు మొత్తం లేచాయి. టీవీ ప్రకటనల్లో కూడా వాడారు. మనం కూడా ఎక్కడో ఒకచోట దానికి ఎగిరే ఉంటాం. కోల్‌మన్ 2006లో ఇల్లు కూడా లేని స్థితిలో పోయాడు. తన దరువు ప్రపంచమంతా మోగుతోందని ఆయనకి తెలుసో లేదో కూడా తమకి తెలియదని బ్యాండు నాయకుడు రిచర్డ్ స్పెన్సర్ చెప్పాడు. స్పెన్సర్‌కే 1996లో తెలిసింది. 2015లో ఇంగ్లండులో ఒక డీజే చందా ఎత్తితే 24,000 పౌండ్లు వచ్చాయి, అవి స్పెన్సర్‌కి ఇచ్చారు. కోల్‌మన్‌కి ఇవ్వడానికి ఆయన లేడు.

మన దేశం సంగతి క్లుప్తంగా. 2012లో కాపీరైట్ చట్టం సవరించారు. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు రాయల్టీ హక్కుని పూర్తిగా వదులుకునేలా రాయించుకోవడం ఇప్పుడు కుదరదు. కానీ తరాల నుంచి వస్తున్న పాటకి "రాసినవారు" ఎవరని చూపిస్తాం? అక్కడే "ఫోక్" అనే మాట దొంగలకి తాళంచెవి అవుతోంది. అయితే ఇంకో హక్కు ఉంది. 38వ సెక్షన్ కింద పాడినవాళ్లకి తమ గానం మీద 50 ఏళ్లు హక్కు ఉంటుంది, వాళ్లని అడక్కుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. పాట ఎవరిదైనా గొంతు అమ్మమ్మదే కదా. ఈ సంగతి ఆ ఛానెల్ అతనికి చెప్పాం. పేరు చేర్చాడు. డబ్బు గురించి ఇంకా మాట్లాడుతున్నాం.

ఈ సంక్రాంతి సెలవుల్లో ఒక లాంగ్ నోటుబుక్కు కొని ఊళ్లకి తీసుకెళ్లాం. పాట, ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ తేదీ. ఇంతే రాస్తున్నాం. మొదటి పేజీలో అమ్మమ్మ పేరు రాయబోతే ఆమె ఆపింది. "నాది కాదురా, మా అత్త నేర్పింది. ముందు ఆమె పేరెయ్యి" అంది. అలాగే వేశాం. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. దసరాకి ఇంటికి వెళ్లేవాళ్లు మీ ఊళ్లో పాడే పెద్దవాళ్లు ఉంటే, వాళ్లని అడిగి, వాళ్లు సరే అంటేనే రికార్డు చేసి, పేరు రాసుకుని రండి.